షాంపూ సరాల వెనక సాక్షి

మా బాపు సాయంత్రం వార్తలు పెట్టాడంటే నలుగురికైనా ఉరి పడాల్సిందే. పాలల్లో యూరియా కలిపినవాడికి ఉరి. పరీక్ష పేపరు లీక్ చేసినవాడికి ఉరి. వేసిన నెలకే రోడ్డు గుంత పడితే కాంట్రాక్టరుకు ఉరి. ఆఖరి ఓవర్లో క్యాచ్ వదిలేసిన పిల్లవాడిని కూడా ఒకసారి వదిలిపెట్టలేదు. కిరాణా దుకాణంలో గల్లాపెట్టె పక్కన పొట్టి పీట మీద కూర్చుని, పొట్లాల దారం చుట్టుకుంటూ, కళ్లద్దాలు ముక్కు కొసకు జారవిడిచి తీర్పు చెప్పేవాడు.

"గిసొంటోళ్లను నడిబజార్ల ఉరి తియ్యాలె. అప్పీలు లేదు, గిప్పీలు లేదు."

దుకాణం వెనకే ఇల్లు. వంటింట్లో తాలింపు వేస్తూ అమ్మ ఊరుకునేది కాదు. "ఏమయ్యా, నిన్న చారుల ఉప్పు ఎక్కువైందంటివి. మరి నాకెప్పుడు ఉరి?"

"ఇంటి మనిషివని నీకు యావజ్జీవంతోటి సరివెట్టిన."

"అది పెండ్లినాడే ఏసినవు గద. కొత్తగ ఏమున్నది?"

నేను భూపాలపల్లిలో టీచరును. మా అత్తగారిది జనగామ. పుట్టిల్లు మాత్రం గార్లకూ మానుకోటకూ నడుమ రైలు ఆగీ ఆగనట్టు ఆగే ఒక ఊరు. మహబూబాబాద్ అని బోర్డు మీద ఎంత పెద్దగా రాసినా మాకు అది మానుకోటే. సెలవులు వచ్చాయంటే నేను పుట్టింట్లో వాలేదాన్ని. తిండి కోసం కాదు, ఈ ఇద్దరి లొల్లి వినడానికి.

ఇక దుకాణం సంగతి చెప్పాలి. మీరు ఏ పల్లెలో కిరాణా దుకాణం చూసినా ముందు కనపడేది షావుకారు కాదు, షాంపూలు. షాంపూ సరాలు, వక్కపొడి సరాలు, చిప్స్ ప్యాకెట్ల దండలు పైనుంచి కిందికి వేలాడుతుంటాయి. మా దుకాణంలో అయితే పెళ్లిపందిరికి కట్టినట్టు కట్టేవాడు బాపు. మోకాళ్ల నొప్పులని ఆయన కూర్చునే పీట పొట్టిది. ముందర బిస్కెట్ల సీసాలు. దాంతో బయట నిలబడ్డ మనిషి మెడ పైన ఏముందో ఆయనకు కనపడదు. సరాల కింద నుంచి ఒక చెయ్యి లోపలికి వస్తుంది, ఒక గొంతు "పావుకిలో చక్కెర" అంటుంది, బాపు పొట్లం కట్టి ఆ చేతిలో పెడతాడు. బేరం అయిపోయినట్టే.

అయినా సరే, మా బాపుకు ఒక గొప్ప ఉండేది. "ఒక్కసారి నా దుకాణానికి వచ్చినోణ్ణి సచ్చినా మర్వ" అనేవాడు. ఊరు ఊరంతా నమ్మేది. అమ్మా నేనూ నమ్మేవాళ్లం కాదు, ఎందుకంటే మా దగ్గర జనగామ సోడా ముచ్చట ఉంది.

నాకు పెళ్లి కుదిరిన కొత్తలో జరిగింది అది. నిశ్చితార్థం నాడు మా మామగారూ బాపూ పక్కపక్కన కూర్చుని తిన్నారు, ఒకరి విస్తట్లో ఒకరు బూరెలు వేసుకున్నారు. ఆ తరువాత మామగారు పెళ్లి పత్రికలు పట్టుకుని చెప్పకుండా దిగాడు. సరసానికని నేరుగా దుకాణం ముందుకొచ్చి, ఏమీ తెలియనట్టు "ఒక సోడా ఇయ్యి" అన్నాడు. బావగారు గుర్తుపట్టి ఉలిక్కిపడి లేస్తాడని చూస్తున్నాడు పాపం. బాపు సోడా కొట్టి ఇచ్చి, "తాగి సీస ఆడ వెట్టు. జర పక్కకు జరుగు, వచ్చే బేరానికి అడ్డమొస్తున్నవు" అన్నాడు. ఆయన తాగాడు, సీస అక్కడ పెట్టాడు, పక్కకు జరిగాడు, ఎండలో నిలబడ్డాడు. చివరకు అమ్మ బిందె తీసుకుని బయటికొచ్చి చూసి కెవ్వున అరిచింది. ఇన్నేళ్లయినా మా అత్తగారింట్లో ఏ శుభకార్యం జరిగినా, భోజనాల దగ్గర మామగారు గ్లాసు కింద పెడుతూ "సీస ఆడ వెట్టిన బావగారూ, పక్కకు జరగాల్నా?" అంటాడు.

"మొఖం చూడవా నువ్వు?" అని అమ్మ ఆ రోజు కడిగేసింది.

"మొఖంతోటి ఏం పనే? అడిగిన సోడా ఇచ్చిన గద" అన్నాడు బాపు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఇదంతా నవ్వుకునే ముచ్చటే. కానీ మూడేళ్ల కింద, మిర్చి ఏరే కాలంలో, మా వీధి చివర ఒక అవ్వను చంపేశారు.

ఒంటరి మనిషి. కొడుకులు పట్నంలో. పందిరి వేసిన చిన్న ఇల్లు, మెడలో రెండు పేటల బంగారు గుండ్లు. రోజూ మా దుకాణానికి వచ్చేది తమలపాకుల కోసం. ఆమె చెయ్యి సరాల కింద నుంచి వణుక్కుంటూ వస్తే బాపు అడక్కుండానే ఆకులు, వక్క పెట్టి పిడికిలి మూసి పంపేవాడు. గుండ్ల కోసం చంపారు. వీధి వీధంతా తలుపులు వేసుకుంది. బాపు దుకాణం తీయలేదు. నా ఎరుకలో మా దుకాణం మూతపడింది అప్పుడే.

పోలీసులు వచ్చి అడిగితే బాపు ఒక మాట చెప్పాడు. ఆ సాయంత్రం ఒకడు వచ్చి బీడీ కట్ట తీసుకుని, "గుండ్ల అవ్వ ఇల్లు ఎటు?" అని అడిగాడు. తాను చూపించాడు. అంతే.

ఆ రోజుల్లో మిర్చి ఏరడానికి కొత్తగూడ అడవుల దిక్కు తండాల నుంచి మనుషులు గుంపులుగా వచ్చి మా ఊరి చేలల్లో గుడిసెలు వేసుకుని ఉన్నారు. అందులో ఒక పిల్లవాడు అవ్వ చనిపోయిన మర్నాడు పొద్దున్నే మొదటి బస్సెక్కి తన తండాకు పోయాడు. బిడ్డకు జ్వరమని పోయాడట. అనుమానం వాడి మీద పడింది. వాణ్ణి పట్టుకున్న వారంలోనే బాపును జైలుకు తీసుకుపోయి, కొందరిని వరుసగా నిలబెట్టి, వీళ్లలో ఉన్నాడా చూడమన్నారు. బాపు వాణ్ణి చూపించాడు.

ఇక చూడాలి మా ఊళ్లో ఆయన వైభోగం. మంగలి షాపులో కుర్చీ ఖాళీ చేసి ఇచ్చేవాళ్లు. చాయ్ హోటల్‌లో ముందు ఆయనకే చాయ్. "ఒక్క చూపుకే పట్టిన" అని చెప్పేవాడు. "వరుసగ నిలవెట్టిండ్రు. నేను ఇట్ల పోయిన, గిదో వీడు అన్న. మేజిస్ట్రేటు సారే బీరిపోయిండు." దూరపు చుట్టం వకీలు ఒకాయన వచ్చి, ఒంటరి ముసలామెను నగల కోసం చంపిన కేసు గనుక ఉరి పడినా పడొచ్చు, తప్పితే యావజ్జీవం, అంతా నీ సాక్ష్యం మీదే ఉంది అని చెప్పి పోయాడు. అప్పటినుంచి బాపు టీవీలో వాళ్లను క్షమించేశాడు. ఆయన ఉరితాళ్లన్నీ ఆ ఒక్కడికోసం దాచుకున్నాడు.

కేసు విచారణకు వచ్చేసరికి రెండో మిర్చి కాలం కూడా దాటిపోయింది. పిల్లవాడు జైల్లోనే ఉన్నాడు. బెయిలుకు నిలబడేవాళ్లు లేరు. వేసవి సెలవుల్లో నేను ఇంట్లో ఉండగా బాపుకు కోర్టు నుంచి సమన్లు వచ్చాయి.

ఆ వారమే నా ఫోన్‌లో ఏదో వార్త కనపడింది. అమెరికాలో ఒక రాష్ట్రంలో మరణశిక్ష పడిన మనిషిని, ఏళ్లకేళ్లు జైల్లో ముసలివాడు అయిపోయాక, నువ్వు కాదు పొమ్మని వదిలేశారట. చూశానని ఒట్టేసి చెప్పిన సాక్షి పొరపాటు పడ్డాడట. నేను ఊరుకోలేక బాపుకు చదివి వినిపించాను.

బాపు పొట్లం కట్టడం ఆపలేదు. "అమెరికోళ్ల ముచ్చట నాకు చెప్తున్నవా? ఆడ దుకాణంల షావుకారే ఉండడట. సామాను నువ్వే తీసుకోవాలె, పైసలు మిషిన్ల ఎయ్యాలె. ఇగ మనిషిని గుర్తువట్టేటోడు ఏడికెల్లి వస్తడు?"

ఇంత లా పాయింటు ఏ కాలేజీలోనూ చెప్పరు. నేను ఫోన్ పక్కన పెట్టేశాను.

కోర్టుకు ముందు ఆదివారం మధ్యాహ్నం దుకాణం సగం షట్టరు దించి, బాపు రిహార్సలు పెట్టుకున్నాడు. ఎక్కడ తడబడతానోనని ఆయన భయం. బియ్యం బస్తాల వెనక నిలబడ్డాడు, అది బోను. అమ్మ నా నల్ల చున్నీ మెడలో వేసుకుని వచ్చింది, అటుపక్క వకీలు. టీవీ సీరియళ్లలో కోర్టులు చూసీ చూసీ ఆమెకు ఎదురు లేకుండా పోయింది. నేను చక్కెర డబ్బా మీద కూర్చున్నాను, జడ్జిని.

"నువ్వు ఏం పని చేస్తవు?" అంది అమ్మ.

"నీకు తెల్వదా?"

"కోర్టుల మొగడు పెండ్లం లేరు. అడిగినదానికి చెప్పు."

"కిరాణం. నలభై ఏండ్ల సంది."

"ఆ దినం వచ్చినోడు ఎంత పొడుగున్నడు?"

"ఉన్నడు... దుకాణం ముందల నిలవడేటంత."

నేను డబ్బా మీద కిసుక్కుమన్నాను. జడ్జి నవ్వొద్దని అమ్మ నన్ను కోప్పడింది.

"మీసమున్నదా?"

"ఉంటది గద, మొగోడన్నంక."

"ఉంటదా ఉండదా అని కాదు, ఉన్నదా?"

"ఏందే, పిల్లిమొగ్గలేపిస్తున్నవు! ఉన్నదనుకో."

"అనుకుంటే కాదు. ముక్కు ఎట్లున్నది?"

"ముక్కు ఉన్నది."

"అబ్బ, సంతోషం. ముక్కు లేనోడు బీడీ ఎట్ల తాగుతడు మరి! ఓ షావుకారీ, మీసం తెల్వది, ముక్కు తెల్వది, పొడుగు తెల్వది. జైల్ల దేన్ని చూసి గుర్తువట్టినవు?"

"చేతులు చూసి!" బాపు బస్తా మీద గుద్దాడు. గెలిచినవాడి గొంతు అది. "గోళ్ల సందులన్నీ ఎర్రగ ఉండె. వేళ్ల కొసలకు తోలు లేచిపోయి ఉండె. బీడీ కట్ట అందుకున్నది గా చెయ్యే. జైల్ల ఇంతమందిని నిలవెడితే గసొంటి చేతులు వాడొక్కనియే ఉన్నయి. ఇగ చెప్పు, నా గుర్తు తప్పుతదా?"

నా నవ్వు ఎక్కడిదక్కడే ఆగిపోయింది. జైల్లో వరుసగా నిలబెట్టింది లోపల ఉన్న ఖైదీలను. వాళ్లు మిర్చి చేను మొహం చూసి ఎన్నాళ్లయిందో. ఆ వరుసలో మిర్చి ఏరిన చేతులు వాడివి తప్ప ఇంకెవరివి ఉంటాయి? బయట మా ఊరి చేలల్లో ఆ కాలంలో అలాంటి చేతులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టే మొగోడు లేడు.

అమ్మ చున్నీ తీసి బస్తా మీద పెట్టింది. అంతకుముందు రోజే మామిడికాయ తొక్కు పెట్టింది ఆమె. రెండు చేతులూ చాపి బాపు కళ్లముందు పెట్టింది. గోళ్ల సందుల్లో కారం ఎర్రగా దిగి ఉంది. కుడి చేతి వేళ్ల కొసలకు తోలు లేచి ఉంది.

"ఏమయ్యా," అంది మెల్లగా, "నన్ను గూడ పట్టిస్తవా?"

బాపు ఆ చేతుల వంక చూశాడు. ఆయన ముఖం మొదట ఎర్రబడింది, తరువాత పాలిపోయింది. "నువ్వు వకీలువైతే దేశం ఆగమైతది పో" అని షట్టరు పైకి లాగి దుకాణంలో కూర్చున్నాడు. ఆ ఆదివారం మధ్యాహ్నం ఎవరొస్తారు! ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు. అన్నానికి పిలిస్తే ఆకలి లేదన్నాడు. తొక్కు కొత్తది, వేడన్నంలో నెయ్యి వేశాను అంటే కూడా లేవలేదు. ఆ మాటకు లేవని బాపును నేను ఎన్నడూ చూడలేదు.

సాయంత్రం నేను చాయ్ పట్టుకుని పోయి పక్కన కూర్చున్నాను. వార్తల టైమయింది గానీ టీవీ పెట్టలేదు.

"తొవ్వ చూపెట్టింది నేను బిడ్డా" అన్నాడు. "గీ చేత్తోటి. పందిరి ఉన్న ఇల్లు అన్న. ఒక్కతే ఉంటది, జర గట్టిగ పిలువు, చెవులు ఇనవడయి అని సుత చెప్పిన. మంచికే చెప్పిన. వాడు చుట్టమనుకున్న."

నేను చాయ్ గ్లాసు ఆయన వైపు జరిపాను.

"వాడు దొరికిండు అన్నప్పుడు నాకు పానం నిమ్మలమైంది. ఇప్పుడు వాడు కాదంటే ఇంకెవడు? ఎవడో తెల్వకుంటే, నేను చూపెట్టిన తొవ్వ ఎప్పటికి గట్లనే ఉంటది." కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. "ఇంకోటి చెప్పాల్నా? ఆ అవ్వ మొఖం సుత నాకు యాదికొస్తలేదు. ఇన్నేండ్లు ఆకులిచ్చిన. చెయ్యే యాదికొస్తున్నది."

నేను పిల్లలకు పాఠాలు చెప్పుకునేదాన్ని, ఎంత వాగుడుకాయనో మా స్కూలంతా చెబుతుంది. కానీ ఆ పూట ఒక్క మాటే దొరికింది. భయం వేసింది. మా బాపు ఒక మనిషిని చంపబోతున్నాడేమోనని భయం. ఆ మాటే చెప్పాను. "బాపూ, నాకు భయమైతున్నది."

"చాయ్ సల్లారింది. మార్చి తే" అన్నాడు.

కోర్టు రోజున ముగ్గురం రైల్లో మానుకోట పోయాం. బాపు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, ఏం చెప్పబోతున్నాడో మాకు చెప్పలేదు. అమ్మ అడగలేదు. అమ్మ అడగకుండా ఉండటమే నాకు మరింత పరేషాన్ అనిపించింది.

పిలిచేదాకా బయట కూర్చోమన్నారు. వరండా మెట్ల మీద ఒక లంబాడా ఆవిడ టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి కొంగుతో మెట్టు తుడిచి జరిగింది. "కూసోండ్రి అన్నా, ఆడ ఎండ" అంది.

బాపు కూర్చున్నాడు. ఊరికే ఉండలేని మనిషి కదా, "ఏ ఊరమ్మా?" అన్నాడు.

"కొత్తగూడ అవతల. తండ."

బాపు కండువా తీసి మళ్లీ వేసుకున్నాడు. ఆమే మాట్లాడింది. "నా కొడుకు ఉన్నడు లోపల. మిర్చి ఏర వచ్చి ఇరుక్కున్నడు. వాని బిడ్డకు నడక వచ్చింది, వాడు చూడనే లేదు. షావుకారు ఎవరో చూసినని చెప్పిండట. ఇయ్యాల వస్తడట. నాకు ఆయన మీద కోపం లేదన్నా. చూస్తే చూసినని చెప్తడు, మంచిదే." డబ్బా మూత సరిచేసుకుంది. "పెద్దమనిషివి, నీకెరికె ఉంటది. ఆయన మంచిగనే చూసిండంటవా?"

మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది. బాపు తన చెప్పుల వంక చూస్తూ కూర్చున్నాడు. ఆమె జవాబు కోసం ఆయన ముఖంలోకి చూస్తూనే ఉంది. ఇంతలో బంట్రోతు వచ్చి సాక్షి అంటూ బాపు పేరు పిలిచాడు. బాపు లేచాడు. తాను ఎదురుచూస్తున్న షావుకారు ఎవరో ఆమెకు అప్పుడు అర్థమైంది.

మేమూ వెనకాలే పోయి బెంచీ చివర కూర్చున్నాం. జడ్జి ఒక మేడం. ప్రమాణం చేయించారు. బాపు మానుకోటంతా వినపడేట్టు చేశాడు. ప్రభుత్వం తరఫు వకీలు అవీ ఇవీ అడిగి, ఆ సాయంత్రం మీ దుకాణానికి వచ్చిన మనిషి ఈ కోర్టులో ఉన్నాడా, చూసి చెప్పండి అన్నాడు.

బాపు కళ్లద్దాలు తీశాడు. కండువాతో తుడిచాడు. ఈసారి ముక్కు కొసకు కాదు, పైదాకా నెట్టి పెట్టుకున్నాడు. అప్పుడు బోనులో ఉన్న పిల్లవాడిని చూశాడు. చిన్న ముఖం. గడ్డం అక్కడక్కడా మొలిచింది. ఎడమ కనుబొమ్మ మీద అడ్డంగా ఒక పాత మచ్చ. జైల్లో నీడపట్టున ఉండి చేతులు తెల్లగా, మా స్కూలు గుమాస్తా చేతుల్లా ఉన్నాయి. బాపు చూస్తూనే ఉన్నాడు. వకీలు గొంతు సవరించుకున్నాడు.

"ఈ పిలగాణ్ణి నేను ఇయ్యాల్నే చూస్తున్న" అన్నాడు బాపు.

"జైల్లో గుర్తుపట్టారు కదా మీరు?"

"చేతులు గుర్తువట్టిన సారూ. మిర్చి ఏరిన చేతులు. మొఖం చూడలే. ఆ దినం వచ్చినోని మొఖం సుత చూడలే."

"మీ దుకాణానికి వచ్చిన మనిషి ముఖం మీకు కనపడలేదా?" అని మేడం అడిగింది.

"నా దుకాణంల కూసుంటే ఎవ్వరి మొఖం కనవడది మేడం. షాంపూలు అడ్డముంటయి."

కోర్టు గొల్లున నవ్వింది. మేడం నవ్వలేదు. "మరి ఇన్నాళ్లూ చూశానని ఎందుకు చెప్పారు?"

"అబద్ధం చెప్పలే మేడం. నేను చూసిననే అనుకున్న." బాపు బోను కర్ర మీద చెయ్యి వేశాడు. "నాకే తెల్వది, చూడలేదని."

వకీలు కోపంగా లేచి, ఈ సాక్షి ఎదురు తిరిగాడని రాసుకోండి అన్నాడు. ఇంకా చాలా అడిగారు, గట్టిగానే అడిగారు. బాపు చెమటలు కక్కాడు గానీ మాట మార్చలేదు. బయటికి వచ్చేసరికి అవ్వ కొడుకులు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. "నీ దుకాణం తగలవడ" అన్నాడు పెద్దవాడు. బాపు తల వంచుకుని పోయాడు. వాళ్ల తల్లి పోయింది, వాళ్లకు ఆ మాట అనే హక్కుంది అని రైల్లో తనే అన్నాడు.

రైలు కదిలింది. అమ్మ టిఫిన్ ఒళ్లో పెట్టుకుని అంది: "నలభై ఏండ్ల సంసారంల నాకు ఒక్కనాడు ఎదురు తిరగలే. పోయి పోయి కోర్టుల తిరిగిండు మొగోడు."

బాపు నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు. అమ్మ టిఫిన్ తెరిచి చేతికి పులిహోర ముద్ద ఇచ్చింది.

వేరే సాక్ష్యం లేదు, గుండ్లు దొరకలేదు. కొన్ని నెలలకు ఆ పిల్లవాణ్ణి వదిలేశారు. చంపినవాడెవడో ఇప్పటికీ తెలియదు. ఊళ్లో కొందరు బాపు పైసలు తిన్నాడన్నారు, కొన్నాళ్లు పక్కవీధి దుకాణానికి పోయారు. పోనీ అనుకున్నాం. బాపు షాంపూ సరాలన్నీ తీసి ఒక పక్కకు కట్టేశాడు. బేరం పడిపోయింది, షాంపూ ఉందనే ఎవరికీ తెలియలేదు. అమ్మ గోల భరించలేక మళ్లీ కట్టాడు. అయితే ఒక కొత్త అలవాటు వచ్చింది. ఫలానా ఇల్లు ఎటు అని ఎవరడిగినా, మోకాళ్లు పట్టుకుని మూలుగుతూ లేచి, బయటికొచ్చి, ముఖం తేరిపారా చూసి, అప్పుడు దారి చెబుతాడు. కొత్తవాళ్లు బెదిరిపోతారు. మామగారు జనగామ నుంచి ఫోన్ చేసి, "బావగారూ, ఇప్పుడు సోడాకు వస్తే లేస్తరా?" అని అడిగాడు. "లేస్త, లేస్త, రాండ్రి" అన్నాడు బాపు.

సాయంత్రం వార్తలు మాత్రం మానలేదు. ఏదో ఘోరం చూపిస్తారు. అమ్మ వంటింట్లోంచి అడుగుతుంది. "ఏమయ్యా, ఇయ్యాల ఎవ్వరికి ఉరి లేదా?"

"నేను చూసిననా?" అంటాడు.

మొన్న మిర్చి కాలంలో ఒక ఆదివారం నేను దుకాణంలోనే ఉన్నాను. సరాల కింద నుంచి ఒక చెయ్యి వచ్చింది. గోళ్ల సందులు ఎర్రగా, వేళ్ల కొసలకు తోలు లేచి. "చాయ్‌పత్తి" అంది గొంతు. ఆ కాలంలో అలాంటి చేతులు రోజుకు ఎన్నో వస్తాయి. అలాంటి చెయ్యి వస్తే చాలు, బాపు లేస్తాడిప్పుడు. ప్యాకెట్ ఆ చేతిలో పెట్టి, మూలుగుతూ లేచి, షాంపూలు పక్కకు నెట్టుకుంటూ బయటికి పోయాడు. ఎంతకీ లోపలికి రాలేదు. నేను తొంగి చూశాను. బయట నిలబడ్డవాడికి ఎడమ కనుబొమ్మ మీద అడ్డంగా మచ్చ.

పిల్లవాడు కొద్దిగా వెనక్కి జరిగాడు. "ఏంది షావుకారీ, గట్ల చూస్తున్నవు? మల్ల వరుసల నిలవడాల్నా?"

"లేదు బిడ్డా" అన్నాడు బాపు. చెయ్యి కళ్లద్దాల మీదికి పోయింది. తడిసిపోయి ఉన్నట్టున్నాయి, తీసి తుడవడం మొదలుపెట్టాడు. "అప్పుడు చూడకపోతి. ఇప్పుడన్న సక్కగ చూడనియ్యి."

వాడు నవ్వలేదు, కోప్పడలేదు. "చూడు మరి" అన్నాడు. చాయ్‌పత్తి ప్యాకెట్ చేత్తో పట్టుకుని, బాపు కళ్లద్దాలు తుడిచి పెట్టుకునేదాకా అక్కడే నిలబడ్డాడు.